21ఎస్ దగ్గరే ఆగిపోతున్న 30ఎస్: రైబోజోమ్ కూర్పులో ఎవరు ఎవరిని వంచుతారు?

విభాగం: జీవరసాయనం, తిరుపతి–చిత్తూరు సభ్యులు

స్వర్ణముఖి_రేవు · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఈ. కోలై బాక్టీరియా రైబోజోమ్ (జీవకణంలో ప్రొటీన్లు తయారుచేసే యంత్రం) చిన్న భాగమైన 30ఎస్ ఉపభాగాన్ని విడగొట్టి మళ్లీ ట్యూబులో కూర్చే పని ఇది. ఒక్కొక్కటిగా అడిగించుకోకుండా వివరాలన్నీ ముందే పెడుతున్నాను.

16ఎస్ ఆర్‌ఎన్‌ఏ ఫినాల్‌తో తీసింది. ప్రొటీన్లు ఎసిటిక్ యాసిడ్‌తో విడదీసిన మొత్తం మిశ్రమం, అంటే టీపీ30. 6 మోలార్ యూరియాలో కరిగించి, డయాలిసిస్ చేసి, 1 మోలార్ పొటాషియం క్లోరైడ్ ఉన్న బఫర్‌లోకి తెచ్చినవి. కూర్పు బఫర్‌లో హెపీస్ పీహెచ్ 7.6, మెగ్నీషియం 20 మిల్లీమోలార్, పొటాషియం క్లోరైడ్ 330 మిల్లీమోలార్. 30 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు. తర్వాత, దిగే వేగాన్ని బట్టి కణాలు విడిపోయేలా 10–40 శాతం సుక్రోజ్ గ్రేడియెంట్.

పెద్ద శిఖరం 21ఎస్ దగ్గర వస్తా ఉంది. 30ఎస్ దగ్గర చిన్న గూని, అంతే. ప్రొటీన్లు చాలలేదేమోనని ఆర్‌ఎన్‌ఏకి 1.5 రెట్లున్నవి 3 రెట్లు చేస్తే ట్యూబు అడుగున తెల్లటి మడ్డి దిగింది, శిఖరం మాత్రం జరగలేదు. ఆర్‌ఎన్‌ఏ చట్రంలాగా నిలబడి ఉంటే ప్రొటీన్లు వచ్చి దాని గూళ్లలో కూర్చుంటాయి అనుకుంటే, ప్రొటీన్లు పెంచినప్పుడు కూర్పు ముందుకు పోవాలి కదా?

పాత_బఫర్ · సోమవారం, రాత్రి 9:50

ఆ 21ఎస్ చెత్త కాదమ్మా. దానికి పేరుంది: ఆర్‌ఐ, కూర్పు మధ్యలో ఆగిన కణం. 1968లో ట్రౌబ్, నొమురా 30ఎస్‌ని విడి భాగాల నుంచి మళ్లీ నిలబెట్టినప్పటి నుంచీ తెలిసిన మజిలీయే. అన్నీ ఐసు మీద కలిపితే 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ మీద సుమారు 15 ప్రొటీన్లు ఎక్కి అక్కడే ఆగిపోతాయి. ఎస్2, ఎస్3, ఎస్10, ఎస్14 లాంటివి ట్యూబులోనే తిరుగుతుంటాయి, ఎక్కవు. ఆ కణాన్నే 40 డిగ్రీలకు వేడి చేస్తే, కొత్త ప్రొటీను ఒక్కటి కూడా కలపకపోయినా, అది బిగుసుకుని 26ఎస్ దగ్గరికి జరుగుతుంది. దాన్ని ఆర్‌ఐ స్టార్ అంటారు. దాని మీదికైతే మిగిలినవి చల్లగా ఉన్నా ఎక్కుతాయి.

అంటే ఆలస్యం ప్రొటీన్లు రావడంలో లేదు, వాటి చోటు తయారు కావడంలో ఉంది. లేని చోటుకి మూడు రెట్ల ప్రొటీన్లను పంపితే ఏమవుతుంది? ఇవి చాలావరకు క్షార ప్రొటీన్లు, లైసిన్, ఆర్జినిన్ నిండా ఉంటాయి. ఆర్‌ఎన్‌ఏ వెన్నంతా ఋణావేశం. దొరికిన చోటల్లా అతుక్కుని ముద్ద కడతాయి. మీ మడ్డి అదే. 1.2 నుంచి 1.5 రెట్లు దాటొద్దు.

ఇంక ఉష్ణోగ్రత. హెల్డ్, నొమురా 1973లో ఈ మెట్టు ఆక్టివేషన్ ఎనర్జీ, అంటే దాన్ని దాటడానికి కావలసిన శక్తి కొలిచారు, మోల్‌కు సుమారు 38 కిలోకేలరీలు. మామూలు ఎంజైమ్ చర్యలకంటే చాలా ఎక్కువ. ఆ అంకెను, ఉష్ణోగ్రతతో వేగం ఎట్లా మారుతుందో చెప్పే ఆరీనియస్ సూత్రంలో పెట్టి చూడండి: 40 నుంచి 30కి దిగితే వేగం ఏడెనిమిది రెట్లు పడిపోతుంది. మీరు 30 దగ్గర ఉంచిన 20 నిమిషాలు, 40 దగ్గర మూడు నిమిషాలు కూడా ఉంచనట్టే. 15 డిగ్రీలకు దిగితే 200 రెట్లు. ఐసు మీదైతే అదే పనికి వంద రోజుల పైమాట. సున్నా దగ్గర ఆర్‌ఐ ఎప్పటికీ మారదు అని పుస్తకాల్లో కనిపించేది అందుకే. మారదని కాదు, అంతసేపు ఎవరూ కూర్చోరు.

40 లేక 42 డిగ్రీలు, 20 నుంచి 40 నిమిషాలు. ట్యూబు పక్కన ఇంకో ట్యూబులో నీళ్లు పోసి థర్మామీటరు దాంట్లో పెట్టండి. వాటర్ బాత్ డిస్‌ప్లే అంకెను నమ్మొద్దు, మూడు నాలుగు డిగ్రీల తేడాకే ఇక్కడ వేగం సగమైపోతుంది. మే నెల తిరుపతిలో బెంచీ మీదే 38 ఉంటుంది కదా అని తమాషాకి కూడా ప్రయత్నించొద్దు.

పీలేరు_ఎమ్మెస్సీ · సోమవారం, రాత్రి 10:05

సార్, రెండు చిన్న సందేహాలు. 30ఎస్‌లో ఎస్, ఎస్15లో ఎస్ ఒకటేనా? ఇంకోటి, ప్రొటీన్ ఏదీ కలపకుండా 21ఎస్ కణం 26ఎస్ ఎట్లా అవుతుంది? బరువు పెరగలేదు కదా.

పాత_బఫర్ · సోమవారం, రాత్రి 10:14

ఒకటి కాదు తమ్ముడూ. అంకె తర్వాత వచ్చే ఎస్ స్వెడ్‌బర్గ్, కణం ఎంత వేగంగా అడుక్కు దిగుతుందో చెప్పే కొలత. అంకెకు ముందు వచ్చే ఎస్ చిన్న ఉపభాగపు ప్రొటీను, ఎల్ పెద్ద ఉపభాగానిది. 2014 నుంచి కొత్త పేర్లున్నాయి: అన్ని జీవుల్లోనూ ఉన్నదైతే యూఎస్15, బాక్టీరియాల్లో మాత్రమే ఉన్నదైతే బీఎస్16, అట్లా. ఇక్కడ పాతవే వాడుకుందాం.

దిగే వేగం బరువు మీదే కాదు, ఆకృతి మీద కూడా ఆధారపడుతుంది. విప్పిన గొడుగూ మూసిన గొడుగూ బరువు ఒకటే, రెండూ ఒకే వేగంతో పడవు. ఆర్‌ఎన్‌ఏ చేతులు చాపుకుని ఉంటే 21, ముడుచుకుంటే 26. ఏం ముడుచుకుంటుందో కూడలి అన్న చెప్పాలి, అది ఆయన పొలం.

మూడుదారుల_కూడలి · సోమవారం, రాత్రి 11:31

పిలిచారు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా.

16ఎస్ ఆర్‌ఎన్‌ఏ 1542 న్యూక్లియోటైడ్ల గొలుసు. దగ్గరి దగ్గరి హెలిక్స్‌లు (జతకట్టి మెలిపడిన పోగులు) మిల్లీసెకన్లలోనే కట్టుకుంటాయి, దానికి ప్రొటీన్లు అక్కర్లేదు. చిక్కంతా వాటిని ఒకదాని పక్కన ఒకటి సరైన కోణంలో పెట్టడంలో ఉంది. ఆ కోణాలు తేలేది కూడళ్ల దగ్గర.

తేలికైన ఉదాహరణ ఎస్15 కూర్చునే చోటు. హెలిక్స్ 20, 21, 22 కలిసే మూడు దారుల కూడలి అది. ప్రొటీన్ లేక, మెగ్నీషియం తక్కువగా ఉన్నప్పుడు మూడు చేతులూ ఇంచుమించు సమాన కోణాల్లో చాపుకుని ఉంటాయి. ఎస్15 వస్తే 21, 22 ఒకే గీత మీదికి వచ్చి ఒకదానిపై ఒకటి పేర్చుకుంటాయి. 20 మాత్రం 22 పక్కకి మడుచుకుంటుంది. మెగ్నీషియం పెంచినా ఇదే మడత వస్తుంది. చేతుల చివర్ల రంగు అణువులు తగిలించి, ఒక్కో ఆర్‌ఎన్‌ఏ అణువును విడిగా చూసి 1999లోనే దీన్ని చూపించారు. అంటే ఎస్15 కొత్త ఆకృతిని కనిపెట్టడం లేదు, ఆర్‌ఎన్‌ఏ అప్పుడప్పుడు తనంతట తాను వెళ్లొచ్చే ఆకృతిని పట్టి నిలబెడుతోంది. ఈ కోణం కుదిరాకే ఎస్6, ఎస్18 జోడీకి చోటు దొరుకుతుంది. వాటి తర్వాత ఎస్11, ఎస్21. ఎస్15 లేకుండా ఎస్6, ఎస్18 ఎంత పోసినా అతకవు.

ఎస్4 కథ ఇంత సాఫీ కాదు. అది కూర్చునేది 5 ప్రైమ్ డొమైన్‌లో (గొలుసు మొదటి కొస వైపు భాగం; చివరి కొస వైపుది 3 ప్రైమ్) ఐదు దారుల కూడలి మీద: హెలిక్స్ 3, 4, 16, 17, 18. ఎస్4 చాలా వేగంగా వచ్చి పట్టుకుంటుంది, కానీ తొలి పట్టులో హెలిక్స్ 3 తప్పు దిక్కుకు తిరిగి ఉంటుంది. తలుపు గడియ పెట్టకుండా ఊరికే దగ్గరికి వేసినట్టు. ప్రొటీన్ కూర్చునే ఉంటుంది, దాని కింద హెలిక్స్ 3 అటూ ఇటూ ఊగి చివరికి సరైన వైపుకు పడుతుంది. 2014లో దీన్ని కూడా అణువు అణువుగా చూశారు. హెలిక్స్ 18లో ఒక సూడోనాట్ ఉంది, మన మాటలో దొంగముడి అనొచ్చు: లూపు కొస వచ్చి బయటి పోగుతో జతకడుతుంది. ఆ ముడి బిగియడం కూడా ఈ ఊగులాట తేలడం మీదే ఆధారపడుతుంది. తర్వాత వచ్చే ఎస్16 ఈ ప్రాంతాన్ని ఇంకా స్థిరపరుస్తుంది.

ఎస్16 లేకుండా కూర్చినా చివరికి పనిచేసే 30ఎస్ వస్తుందని, కానీ బాగా ఆలస్యంగా వస్తుందని నొమురా ల్యాబ్ 1970ల్లోనే చూపించింది. అయిపోయిన యంత్రానికి అవసరం లేని భాగం, బిగించేటప్పుడు మాత్రం కావాలి. ఇల్లు కట్టేటప్పుడు వేసే సెంట్రింగ్ చెక్కలాగా, కాకపోతే దీన్ని ఎవరూ ఊడదీయరు.

పీలేరు తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. ఆర్‌ఐ దగ్గర ప్రొటీన్లు ఎక్కే ఉన్నాయి, కింద ఆర్‌ఎన్‌ఏ ఇంకా తప్పు జతల్లో ఇరుక్కుని ఉంది. తప్పు జతలు కూడా బేస్ పెయిర్లే. వాటిని విప్పాలంటే వేడి కావాలి. ఆ 38 కిలోకేలరీలు ఖర్చయ్యేది ఎక్కువగా విప్పడానికే.

తోతాపురి · మంగళవారం, ఉదయం 6:48

పాత_బఫర్ గారు చెప్పిన లెక్క సరే గానీ, "అందరూ ఒకే మెట్టు దగ్గర ఆగుతారు" అనే అర్థం వస్తే దాంతో నాకు పేచీ. అది 70ల నాటి బొమ్మ. 2005లో టాల్కింగ్‌టన్, సిజ్‌డాక్, విలియమ్సన్ ఒక్కో ప్రొటీన్ ఎక్కే వేగాన్ని విడివిడిగా కొలిచారు. పద్ధతి చెప్తాను, మాస్ స్పెక్ (అణువుల బరువు తూచే యంత్రం) అందుబాటులో ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

నైట్రోజన్ 15 తిండి పెట్టి పెంచిన బాక్టీరియా నుంచి బరువైన ప్రొటీన్లు తీస్తారు. 16ఎస్ ఆర్‌ఎన్‌ఏతో వాటిని కలిపి గడియారం మొదలుపెడతారు. అనుకున్న సమయానికి మామూలు నైట్రోజన్ 14 ప్రొటీన్లను బాగా ఎక్కువగా పోసేస్తారు. అప్పటికి చోటు పట్టినవి బరువైనవి, ఆ తర్వాత పట్టేవి తేలికవి. కూర్పు పూర్తయ్యేదాకా వదిలి, 30ఎస్‌ను గ్రేడియెంట్ మీద శుద్ధి చేసి, ఒక్కో ప్రొటీన్‌కూ బరువైన శిఖరం, తేలిక శిఖరం నిష్పత్తి చూస్తారు. పోత సమయం మార్చుకుంటూ పోతే వేగం తేలిపోతుంది.

తేలిందేమంటే, 5 ప్రైమ్ డొమైన్‌వి, మధ్య డొమైన్‌వి ముందు ఎక్కుతాయి, 3 ప్రైమ్ డొమైన్‌లో చివరివి నిమిషాల మీద. 15 డిగ్రీలకు దించితే అన్నీ నెమ్మదిస్తాయి, కానీ ఒక్కోటి ఒక్కో లెక్కన. అందరినీ ఆపే ఒకే గేటు ఉంటే అన్నీ ఒకే లెక్కన నెమ్మదించాలి.

తిరుమలకు అలిపిరి మెట్ల మీద ఎక్కేవాళ్లున్నారు, శ్రీవారి మెట్టు మీద ఎక్కేవాళ్లున్నారు, ఘాట్ రోడ్డు బస్సులో పోయేవాళ్లున్నారు. పైకి చేరేది ఒకే చోటికి. "కొండెక్కడానికి ఇంత సేపు" అని ఒక్క అంకె చెప్తే ఎవరి అంకె అది? 2010లో కూర్పు జరుగుతుండగానే మధ్య మధ్యలో ఆపి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూసినప్పుడూ ఇదే కనబడింది, ఒకే సమయంలో రకరకాల సగం కణాలు.

పాత_బఫర్ · మంగళవారం, ఉదయం 8:20

పేచీ లేదప్పా, నీ మాట సరే. అయితే స్వర్ణముఖి ట్యూబులో కనిపించేది సగటు. ఐసు మీద కలిపి, తర్వాత వేడి చేస్తే అందరినీ ఒకే కంపార్ట్‌మెంట్‌లో కూర్చోబెట్టి తలుపు తీసినట్టు. అప్పుడు ఒకే మెట్టులా కనిపిస్తుంది. మొదటి నుంచీ 40 దగ్గరే కలిపితే నీవు చెప్పినట్టు చెల్లాచెదురుగా ఎక్కుతాయి. ఎట్లా కలిపారన్నదే బొమ్మను మారుస్తుంది.

కలంకారి · మంగళవారం, మధ్యాహ్నం 1:40

ఇప్పటిదాకా ఆర్‌ఎన్‌ఏ వంగడం గురించే మాట్లాడుకున్నారు. ప్రొటీన్లు మాత్రం రాళ్లలా వచ్చి కూర్చుంటాయా?

రైబోజోమల్ ప్రొటీన్లలో చాలావాటికి ఒక గుండ్రటి తల, దానికి పొడుగాటి తోక లేదా పొడుచుకొచ్చిన లూపు ఉంటాయి. విడిగా ద్రావణంలో ఉన్నప్పుడు ఆ తోకకు ఆకారమే లేదు, గాలిలో దారంలా ఊగుతుంటుంది. 2000లో 30ఎస్, పెద్ద ఉపభాగమైన 50ఎస్ స్ఫటిక నిర్మాణాలు వచ్చాక అవే తోకలు ఆర్‌ఎన్‌ఏ హెలిక్స్‌ల మధ్య సందుల్లోకి లోతుగా దూరి, ఒక్కో అమైనో ఆమ్లం ఒక్కో ఫాస్ఫేట్‌కి ఆని కనిపించాయి. ఆ నిర్మాణాలకే 2009లో స్టైట్జ్, యోనాత్‌లతో పాటు మన పక్కనే చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌కి నోబెల్ వచ్చింది. 50ఎస్‌లో ఎల్4, ఎల్22 లూపులు చూడండి: కొత్త ప్రొటీన్ బయటికి వచ్చే సొరంగంలో అన్నిటికంటే ఇరుకైన చోటు ఆ రెండు లూపుల మధ్యే. ఎస్12 తోక 30ఎస్ దేహం మధ్యగా దూరిపోతుంది. చుట్టూ ఆర్‌ఎన్‌ఏ గట్టిపడ్డాక ఆ తోకను బయటి నుంచి దూర్చలేం. ఆర్‌ఎన్‌ఏ ఇంకా వదులుగా ఉన్నప్పుడే తోక లోపలికి పోవాలి, పోయాక దాని చుట్టూ ఆర్‌ఎన్‌ఏ బిగియాలి. ఇద్దరూ కలిసి మడుచుకోవడం అంటే ఇదే.

దీనికి సూటి సాక్ష్యం 2008లో ఉడ్‌సన్ ల్యాబ్ ఇచ్చింది. సింక్రోట్రాన్ ఎక్స్‌రేతో నీటిని చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్స్ పుట్టిస్తే, దాపు లేని చోటల్లా ఆర్‌ఎన్‌ఏ వెన్ను తెగుతుంది, కప్పుకున్న చోట తెగదు. కలిపిన 20 మిల్లీసెకన్ల నుంచే ఇట్లా ముద్రలు తీశారు. చాలా చోట్ల తొలి పదోవంతు సెకనులోనే దాపు వచ్చేస్తుంది, మరికొన్ని చోట్ల నిమిషాలు పడుతుంది. అసలు విషయం ఏందంటే, ఒకే ప్రొటీన్ తాకే వేర్వేరు చోట్లకే వేర్వేరు వేగాలు. తల ముందు తాకింది, తోక తర్వాత సర్దుకుంది. రాయి అయితే అన్ని వైపులా ఒకేసారి ఆనాలి.

పనిలో దీని ఫలితం ట్యాగ్ దగ్గర తగులుతుంది. విడివిడి రీకాంబినెంట్ ప్రొటీన్లతో కూర్చేవాళ్లు శుద్ధి చేయడానికి వాడే హిస్టిడిన్ ట్యాగ్‌ను చేతికి అందిన కొసకు తగిలించేస్తారు. ఎస్9 సీ కొస పీ సైట్‌లో కూర్చునే టీఆర్‌ఎన్‌ఏ (అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే ఆర్‌ఎన్‌ఏ) దాకా పోతుంది, ఎస్13 కొస కూడా అంతే. అక్కడ ట్యాగ్ పెడితే కణం కూర్చినట్టే కనిపించి పనిచేయదు. ముందు నిర్మాణం తెరిచి చూసి, బయటికి తేలే కొసకే తగిలించండి. రెండు కొసలూ లోపలికే ఉంటే కోసి తీసేయగల ట్యాగ్ పెట్టండి.

వరుసకు మా శ్రీకాళహస్తి పని చూడండి. గుడ్డకు ముందు కరక్కాయ, పాలు పట్టించాలి. అప్పుడే తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన ద్రవం గీసిన చోట నల్లగా తేలుతుంది, ఎందుకంటే ఇనుము పట్టుకునేది కరక్కాయ వగరునే. ఎరుపు కావలసిన చోట పటిక గీయాలి, తర్వాతే రంగునీళ్లలో ఉడకబెట్టాలి. రంగునీళ్లు మూడింతలు పోసినంత మాత్రాన పటిక లేని చోట ఎరుపు నిలవదు. ఎస్7 లేకుండా ఎస్9, ఎస్13, ఎస్19 కోసం ఎదురుచూడటం అట్లాంటిదే.

మూడుదారుల_కూడలి · మంగళవారం, మధ్యాహ్నం 2:15

పోలిక బాగుంది అక్కా, ఒక్కచోట తప్ప. గుడ్డలో కరక్కాయ ఒకసారి పట్టిందంటే పట్టిందే. ఎస్7 అట్లా కాదు. 3 ప్రైమ్ డొమైన్ ఆర్‌ఎన్‌ఏ ఇంకా దాన్ని రాసే ఎంజైమ్ పాలిమరేజ్ నుంచి బయటికి వస్తుండగా చూస్తే, 2019 నాటి ప్రయోగాల్లో, ఎస్7 వచ్చి కూర్చుని లేచిపోతుంటుంది. మిగతా ప్రొటీన్లు కూడా చుట్టూ ఉంటే నిలిచే పాలు పెరుగుతుంది. ఏ ప్రొటీన్ తర్వాత ఏది ఎక్కుతుందో చూపే కూర్పు పటం మీద గీసిన బాణాలు చివరి లెక్క మాత్రమే, మధ్యలో రాకపోకలు చాలా ఉంటాయి.

స్వర్ణముఖి_రేవు · మంగళవారం, రాత్రి 8:30

42 డిగ్రీలకు మార్చి 30 నిమిషాలు ఉంచాను, ప్రొటీన్లు 1.5 రెట్లకు దించాను. మడ్డి పోయింది. 30ఎస్ గూని పెరిగి శిఖరమైంది, కానీ 21ఎస్ శిఖరం ఇంకా సగం పైన అట్లాగే ఉంది. ఆర్‌ఎన్‌ఏ 260/280 నిష్పత్తి 2.0. 500 మైక్రోలీటర్ల కూర్పులో ఆర్‌ఎన్‌ఏ 100 పికోమోల్, ప్రొటీన్ ద్రావణం 50 మైక్రోలీటర్లు. డయాలిసిస్ సంచి 12 కిలోడాల్టన్ల కటాఫ్‌ది, అంటే అంతకంటే చిన్నవి బయటికి పోతాయి.

తోతాపురి · మంగళవారం, రాత్రి 8:37

ఆ చివరి వాక్యమే మొదట రాసి ఉండాల్సింది! 12 కిలోడాల్టన్ల సంచిలో ఎస్21 ఎట్లా నిలుస్తుంది? అది 8.5 కిలోడాల్టన్లే. ఎస్18, ఎస్16 తొమ్మిది చుట్టూ. ఎస్17, ఎస్20 పదికి కొంచెం తక్కువ, ఎస్15 పదికి కొంచెం ఎక్కువ. పైగా యూరియాలో మడత విప్పుకుని ఉంటాయి, సన్నటి రంధ్రంలోంచి జారడం ఇంకా తేలిక. ఎస్15, ఎస్17, ఎస్20 మూడూ నేరుగా ఆర్‌ఎన్‌ఏని పట్టే ప్రాథమిక ప్రొటీన్లు. అవి కొరవడితే వాటి మీద ఆధారపడ్డవన్నీ ఆగుతాయి. కొంత ఆర్‌ఎన్‌ఏకి దొరికి కొంతకు దొరకకపోతే సరిగ్గా మీరు చెప్పినట్టే సగం సగం వస్తుంది.

3.5 కిలోడాల్టన్ల సంచి వాడండి. ఇప్పుడున్న మిశ్రమాన్ని 16 శాతం ట్రైసీన్ జెల్ మీద, విడగొట్టని 30ఎస్ పక్కనే నడిపి చూడండి. మామూలు 12 శాతం జెల్‌లో ఈ చిన్నవన్నీ కింద ఒకే గీతగా కలిసిపోతాయి, పోయాయో ఉన్నాయో తెలియదు.

యూరియా గురించి కూడా. పాత యూరియా ద్రావణంలో సయనేట్ పుడుతుంది, అది లైసిన్‌లను కార్బమైలేట్ చేస్తుంది. మాస్ స్పెక్‌లో 43 డాల్టన్లు ఎక్కువ బరువు కనిపిస్తే అదే. ధనావేశం పోయిన లైసిన్ ఆర్‌ఎన్‌ఏని ఏం పట్టుకుంటుంది? ఆ రోజు కరిగించి, మిక్స్‌డ్ బెడ్ రెజిన్ మీద పోనిచ్చి వాడాలి. వేడి చేసి కరిగించొద్దు.

పాత_బఫర్ · మంగళవారం, రాత్రి 9:25

ఉప్పు లెక్క కూడా తప్పింది. ప్రొటీన్లు 1 మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో ఉన్నాయి, లేకపోతే అవి ఒకదానికొకటి అతుక్కుని పడిపోతాయి కాబట్టి అట్లాగే ఉండాలి. 450 మైక్రోలీటర్లు 330 మిల్లీమోలార్ బఫర్, దాంట్లో 50 మైక్రోలీటర్లు 1 మోలార్ ది పోస్తే చివరికి 397 అవుతుంది. బలహీనంగా పట్టే ప్రొటీన్లు వదులయ్యేది ఇక్కడే. మొదటి 450లో ఉప్పు 256 ఉంచండి, కలిపాక 330 వస్తుంది. మెగ్నీషియం 20 రెండింటిలోనూ ఉంటే దానికి లెక్క అక్కర్లేదు. ఆర్‌ఎన్‌ఏని ఈడీటీఏ ఉన్న బఫర్‌లో దాచి ఉంటే మాత్రం అంత మెగ్నీషియం అది మింగేస్తుంది, ఎథనాల్‌తో దించి నీళ్లలో కరిగించుకోండి.

సిస్టీన్‌లు ఉన్నాయి కాబట్టి బీటా మెర్కాప్టోఇథనాల్ 6 మిల్లీమోలార్ మర్చిపోవద్దు.

260/280 నిష్పత్తి ఆర్‌ఎన్‌ఏ తెగిందో లేదో చెప్పదు. తెగిన 16ఎస్ కూడా బేస్ పెయిర్ల బలంతో ఒక్కటిగానే పట్టుకుని ఉంటుంది, మామూలు అగరోజ్ మీద ఒకే బ్యాండ్‌లా నడుస్తుంది. ఫార్మమైడ్‌లో 95 డిగ్రీలు రెండు నిమిషాలు ఉంచి డీనేచరింగ్ జెల్ మీద నడపండి. తునకలు అప్పుడు బయటపడతాయి. కూర్పులో వాడే ఆర్‌ఎన్‌ఏను మాత్రం 95 చూపించి ఐసులో ముంచొద్దు, తప్పు మడతలకు అంతకంటే దగ్గరి దారి లేదు. కూర్పు బఫర్‌లో 42 దగ్గర 15 నిమిషాలు, చాలు.

పీలేరు_ఎమ్మెస్సీ · మంగళవారం, రాత్రి 9:44

జీవకణంలో 42 డిగ్రీలు లేవు, 20 మిల్లీమోలార్ మెగ్నీషియం లేదు. అయినా 37 దగ్గర రెండు మూడు నిమిషాల్లో రైబోజోమ్ తయారైపోతుందని చదివాను. అదెట్లా?

మూడుదారుల_కూడలి · మంగళవారం, రాత్రి 10:20

మూడు కారణాలు చెప్పొచ్చు. ఆర్‌ఎన్‌ఏ 5 ప్రైమ్ వైపు నుంచి కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది, వచ్చినంత మేర ప్రొటీన్లు పట్టేస్తాయి. దూరంగా ఉన్న తప్పు జత ఇంకా పుట్టనే లేదు కాబట్టి దాంతో ముడిపడే అవకాశం తక్కువ. రెండోది, సాయం చేసే ప్రొటీన్లు: ఆర్‌బీఎఫ్‌ఏ, రిమ్‌ఎమ్, ఎరా లాంటివి చివరి మడతలు సర్దుతాయి, ఎస్‌ఆర్‌ఎమ్‌బీ, డెడ్ లాంటి హెలికేజ్‌లు తప్పు జతలను ఏటీపీ ఖర్చు పెట్టి విప్పుతాయి. ట్యూబులో మనం వేడితో చేసే పని అదే. కూర్పు లోపాలున్న మ్యూటెంట్లు చల్లటి చోట పెరగలేకపోవడం కూడా దీన్నే చెబుతుంది.

మూడోది, చివర్లు. జీవకణంలో మొదట వచ్చేది 16ఎస్ కాదు, ఇంకా కత్తిరించని 17ఎస్ ఆర్‌ఎన్‌ఏ, 5 ప్రైమ్ వైపు 115, 3 ప్రైమ్ వైపు 33 న్యూక్లియోటైడ్లు ఎక్కువ. పరిపక్వ ఆర్‌ఎన్‌ఏలో 17–19 పోయి 916–918తో జతకట్టి నడిమధ్య దొంగముడి వేస్తాయి. 30ఎస్ భాగాలైన తల, దేహం, వేదిక మూడూ కలిసేది అక్కడే. ముందు అదనంగా ఉన్న తోక ఆ ముడిని త్వరపడకుండా చూస్తుంది, పని కాగానే కత్తిరిస్తారు.

50ఎస్ గురించి ఎవరైనా అడిగే లోపే చెప్తా: ఈ. కోలై 50ఎస్‌కు ఒక్క మెట్టు చాలదు. నీర్‌హాస్, డోమే 1974లో ఇచ్చిన పద్ధతిలో ముందు మెగ్నీషియం 4 మిల్లీమోలార్, 44 డిగ్రీలు, 20 నిమిషాలు. తర్వాత మెగ్నీషియం 20, 50 డిగ్రీలు, 90 నిమిషాలు. మొదటి నుంచీ 20 మెగ్నీషియం పోస్తే తప్పు మడతలే గట్టిపడతాయి. పైగా ట్యూబులో టీ7 ఎంజైమ్‌తో రాసుకున్న 23ఎస్ (50ఎస్‌లోని పెద్ద ఆర్‌ఎన్‌ఏ) దానికి పనికిరాదు, జీవకణం చేసే మార్పులు లేవు కాబట్టి. 16ఎస్ అయితే అట్లా రాసుకున్నదైనా కూర్చుకుంటుంది, పనితనం కొంచెం తగ్గుతుంది.

స్వర్ణముఖి_రేవు · ఆదివారం, సాయంత్రం 5:55

3.5 సంచి, 256 ఉప్పు, తాజా యూరియా. ట్రైసీన్ జెల్ మీద పాత మిశ్రమంలో అడుగు బ్యాండ్లు నిజంగానే వెలిసిపోయి ఉన్నాయి. కొత్తదాంతో 21ఎస్ దాదాపు లేదు, 30ఎస్ నిటారు శిఖరం.

ఒక్కటే మిగిలింది. గ్రేడియెంట్ నుంచి తీసిన 30ఎస్‌ని 50ఎస్‌తో కలిపి పాలీ యూ (యూ ఒక్కటే ఉన్న సందేశ ఆర్‌ఎన్‌ఏ) మీద పాలీ ఫినైల్‌అలనైన్ చేయిస్తే, విడగొట్టని 30ఎస్ చేసే దాంట్లో చిన్న భాగమే వస్తా ఉంది. గ్రేడియెంట్ బఫర్ 1 మిల్లీమోలార్ మెగ్నీషియం. సందేశ ఆర్‌ఎన్‌ఏని పట్టే ఎస్1 ప్రొటీన్ లేకపోవడం వల్లా?

పాత_బఫర్ · ఆదివారం, రాత్రి 7:10

ఎస్1ని అనుమానించే ముందు ఆ 1 మిల్లీమోలార్‌ని అనుమానించండి. తక్కువ మెగ్నీషియంలో నానిన 30ఎస్ ప్రొటీన్లు పోగొట్టుకోకుండానే పడుకుంటుందని 1971లోనే జమీర్, మిస్కిన్, ఎల్సన్ చూపించారు. బరువు అదే, శిఖరం అదే, టీఆర్‌ఎన్‌ఏని మాత్రం పట్టదు. తలనూ దేహాన్నీ కలిపే మెడ దగ్గర హెలిక్స్ 28 జతలు మారిపోతాయి. మెగ్నీషియం తిరిగి పోసినంత మాత్రాన ఐసు మీద లేవదు, ఇక్కడా వేడి కావాలి.

గ్రేడియెంట్‌లో మెగ్నీషియం 10 పెట్టండి. పరీక్షకు ముందు 30ఎస్‌ను మెగ్నీషియం 20 మిల్లీమోలార్‌లో 42 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచి, ఐసు మీద పెట్టకుండా నేరుగా 50ఎస్‌లో కలపండి. పోల్చడానికి పెట్టుకున్న విడగొట్టని 30ఎస్‌ని కూడా ఆ 1 మిల్లీమోలార్ మెగ్నీషియం బఫర్‌లోనే నానబెట్టి, సగం వేడి చేసి, సగం చేయకుండా రెండు ట్యూబులు పక్కనే నడపండి. 260 దగ్గర ఒక ఓడీ (కాంతి శోషణ కొలత) అంటే 30ఎస్ సుమారు 70 పికోమోల్, ఆ లెక్కన అన్ని ట్యూబుల్లోనూ సమానంగా తీసుకోండి.